గడ్డకూ రేవుకూ మధ్య మాట: వరద రోజులకు వాకీటాకీల ఎంపిక

మార్చి రెండో వారం

ఈ వానాకాలం వచ్చేలోపు ఊరికి వాకీటాకీలు కొనాలని పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని తేల్చుకున్నాం. మా ఊరు జూరాల ప్రాజెక్టుకు దిగువన, గద్వాల వైపు కృష్ణ ఒడ్డున ఉంది. ఊరికి ఎదురుగా నది మధ్యలో ఒక గడ్డ ఉంది. దాని మీద మావాళ్ల పొలాలున్నాయి. పంట కాలంలో కొన్ని కుటుంబాలు అక్కడే గుడిసెలు వేసుకుని ఉంటాయి. ఎగువన వానలు పడి జూరాల గేట్లు ఎత్తారంటే ఇక పుట్టి వేసే వీలుండదు. గడ్డ మీద ఫోను సిగ్నలు మామూలు రోజుల్లోనే అంతంతమాత్రం. గాలివానకు కరెంటు పోయి, టవరు దగ్గర బ్యాటరీ కూడా దిగిపోతే ఆ కాస్తా ఉండదు. నదిలో దీవిగా ఉన్న గుర్రంగడ్డ వాళ్లు వరదొస్తే పడే పాట్లు జిల్లా అంతటికీ తెలుసు. మా గడ్డ మీదివాళ్ల కష్టమూ అలాంటిదే.

2009 అక్టోబరును చూసినవాళ్లెవరూ ఈ పనిని తేలిగ్గా తీసుకోలేరు. తుంగభద్ర పొంగి అటు కర్నూలును, ఇటు మన వైపు అలంపూర్‌ను, రాజోలిని ముంచెత్తింది. రెండు నదుల నీరూ కలిసి శ్రీశైలానికి చేరిన ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ డ్యామును కట్టింది 19 లక్షల క్యూసెక్కుల లెక్కకు. అలాంటి రోజున ఎవరు ఎక్కడున్నారో తెలియకపోవడం నీటికంటే ఎక్కువ భయపెడుతుంది.

నాది గద్వాలలో మోటారు వైండింగ్ షాపు. తీగ చుట్టడం, కెపాసిటర్లు మార్చడం నా పని కాబట్టి సెట్ల ఎంపిక నాకు అప్పగించారు. నాతో పాటు పుట్టి నడిపే మామ, ఆశా కార్యకర్తగా పనిచేసే అక్క, డిగ్రీ చదువుతున్న మా తమ్ముడు ఉన్నారు. ఊరి చందా కొంత ఉంది, యువజన సంఘం కొంత ఇస్తామన్నది.

సెట్ల జోలికి పోకముందు మేం ఒక కాగితం మీద మూడు దారులు గీసుకున్నాం. గడ్డ నుంచి రేవు దాకా నీటి మీదుగా కిలోమీటరున్నర ఉంటుంది. రేవు నుంచి బడి దాకా ఇళ్లు, వేపచెట్ల మధ్యగా కిలోమీటరుకు కాస్త తక్కువ. వరదొస్తే అందరినీ చేర్చేది ఆ బడికే. ఇక గడ్డ కింది కొస నుంచి బడి దాకా లెక్కేస్తే మూడు కిలోమీటర్లు. ఇంతకు మించిన దూరం మాకు అక్కర్లేదు. ఈ కాగితం చేతిలో లేకుండా దుకాణానికి వెళితే అట్టపెట్టె మీది అంకెలే మన తరఫున బేరం కుదిర్చేస్తాయి.

మార్చి చివర

అట్టపెట్టె మీది అంకెల సంగతే ఇప్పుడు. ఒకదాని మీద 10 కిలోమీటర్లని ఉంది, ఇంకోదాని మీద 35 అని ఉంది. ఇవి పూర్తిగా అబద్ధాలు కావు. ఒక కొండ కొస నుంచి ఎదురు కొండ కొసకు, మధ్యలో ఏ అడ్డూ లేకుండా మాట్లాడితే ఆ దూరం రావచ్చు. మా ఊళ్లో అలాంటి కొండలు లేవు.

ఈ సెట్లు వాడే తరంగం టార్చి వెలుగులా తిన్నగా పోతుంది. ఆకులో, గోడో, మనిషి ఒళ్లో అడ్డం వస్తే ప్రతిదానికీ కొంత కోల్పోతుంది. ఇవేవీ లేకపోయినా భూమి వంపు ఒకటి అడ్డం వస్తుంది. ఏరియల్ ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో చూపు ఎంత దూరం ఆనుతుందో కిలోమీటర్లలో వస్తుంది. మనిషి నోటి దగ్గర పట్టుకున్న సెట్టు నేలకు మీటరున్నర ఎత్తులో ఉంటుంది, కాబట్టి దాని చూపు 5 కిలోమీటర్లు. అవతలి మనిషిదీ అంతే అనుకుంటే ఇద్దరికీ కలిపి 10. అదీ చెట్టూ పుట్టా లేని చదును నేల మీద. అదే ఒకరు 12 మీటర్ల వాటర్ ట్యాంకు ఎక్కితే వారి చూపు ఒక్కటే 14 కిలోమీటర్లు దాటుతుంది.

తమ్ముడు వాట్ల గురించి అడిగాడు. బలం పదింతలు చేస్తే, అడ్డులేని ఆకాశంలో కూడా దూరం మూడింతల పైచిలుకే పెరుగుతుంది. నేల మీద ఇళ్లూ తోటలూ మధ్యలో ఉంటే అంత కూడా రాదు. బలం పెంచితే బ్యాటరీ తొందరగా దిగుతుంది, ఎత్తు పెంచితే ఒక్క చుక్క కరెంటు కూడా ఎక్కువ ఖర్చు కాదు. అందుకే మా లెక్కలో వాటర్ ట్యాంకును కూడా ఒక పరికరంగా రాసుకున్నాను. దాని మెట్లు తుప్పు పట్టి ఉన్నాయి, వానలకు ముందే వెల్డింగ్ చేయించాలి.

ఏప్రిల్ మొదటి వారం

తమ్ముడు ఫోనులో ఒక సెట్టు చూపించాడు. “అన్నా, దీని ధర సగమే, బలం పదింతలు, రెండు బ్యాండ్లు పట్టుకుంటుంది.” సెట్టు మంచిదే కావచ్చు, కానీ మనం దాన్ని వాడకూడదు. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం నుంచీ లైసెన్సు లేని సెట్టుతో మాట్లాడటమే కాదు, దాన్ని దగ్గర ఉంచుకోవడమూ నేరమే. ఆ రెండు బ్యాండ్ల సెట్టును ఎక్కడికి తిప్పితే అక్కడ మాట్లాడుతుంది. పోలీసులు, అగ్నిమాపక దళం, ఇతర సర్వీసులు వాడే చోట్ల కూడా. వరద రోజున మన మాట వెళ్లి రక్షణ సిబ్బంది మాటకు అడ్డం పడితే అంతకంటే ఘోరం ఉండదు. ఇది నాకు చట్టం భయం కంటే పెద్ద సంగతి.

లైసెన్సు అక్కర్లేని దారి ఒకటుంది. 2018 నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ బలం సెట్లను ఎవరైనా వాడుకోవచ్చు. ఈ తరగతి సెట్ల బలం అర వాటు. ఆ సన్నటి పట్టీలో 12.5 కిలోహెర్ట్జ్ ఎడంతో 16 ఛానళ్లు ఇముడుతాయి. మొదటిది 446.00625 దగ్గర ఉంటుంది. అయితే సెట్టు ఆ పరిధిలో మాత్రమే పనిచేసేదై ఉండాలి. విశాలమైన పరిధి ఉన్న సెట్టును కొని, అందులో 446 ఛానళ్లు మాత్రమే నింపుకుంటాం అంటే కుదరదు.

ఆన్‌లైన్‌లో ఈ సంగతులేవీ చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమ్మకం వేదికలకు నోటీసులిచ్చింది, ఆ తర్వాత మార్గదర్శకాలు కూడా తెచ్చింది. పనిచేసే పౌనఃపున్యం, లైసెన్సు కావాలా వద్దా, ఈటీఏ అనే పరికర ఆమోదం ఉందా లేదా అన్నవి అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. నేను ప్రతి అమ్మకందారునూ ఒకే మాట అడిగాను: “ఈ మోడల్ ఈటీఏ కాగితం చూపించగలరా?” చూపించలేనివాళ్ల పేరు ఆ రోజే కొట్టేశాను. జాబితా సగానికి సగం తగ్గింది, నా పని కూడా.

మిగిలిన దారుల్ని కూడా చూశాం. సిమ్ వేసుకునే వాకీటాకీలకు దేశమంతా దూరం వస్తుందంటారు. అది నిజమే, టవరు పనిచేసినంత సేపు. మాకు సెట్టు అవసరం పడేదే టవరు పడిపోయినప్పుడు. 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదు, 5 వాట్ల దాకా బలం కూడా ఉంటుంది. కానీ దాని తరంగం 11 మీటర్ల పొడవు. అందులో నాలుగో వంతు ఏరియల్ పెట్టాలన్నా రెండున్నర మీటర్ల పైమాటే. పుట్టిలో ఆ కర్ర పట్టుకుని కూర్చోవడం జరిగే పని కాదు. ఉపగ్రహ ఫోన్లకు ప్రభుత్వ అనుమతి కావాలి, ఊరి చందాకు అందేవీ కావు.

హామ్ రేడియో మాత్రం మనసులో నిలిచిపోయింది. 2004 డిసెంబరు సునామీ నాటికి హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ తన బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. ఫోన్లు తెగిపోయిన ఆ రోజుల్లో అండమాన్ నుంచి సమాచారం ఆ హామ్ సెట్టు మీదుగా బయటికొచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ హామ్ లైసెన్సు పరీక్ష రాసిన మనిషికే వస్తుంది, ఊరికి రాదు. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా ఆ పరీక్ష రాయవచ్చు. తమ్ముడు రాస్తానన్నాడు, నేనూ రాస్తాను. అది వేరే పని, వేరే డైరీ.

ఏప్రిల్ చివర

చివరికి రెండు రకాలు మిగిలాయి. రెండూ 446లోనివే, రెండింటికీ కాగితాలున్నాయి. ఒక్కో జత తెప్పించాం.

మొదటిది నల్లగా, బరువుగా ఉంది. లిథియం బ్యాటరీ, నిలబెట్టి ఛార్జి చేసే గిన్నె ఉన్నాయి, స్పీకరు గొంతు పెద్దది. నీటి రక్షణ ఐపీ54. రెండోది పసుపు రంగు సెట్టు, తేలికగా ఉంది. ఐపీ67, నీళ్లలో పడితే తేలుతుంది. దాని సొంత బ్యాటరీ తీసేసి మూడు పెన్ను సెల్లులు కూడా వేసుకోవచ్చు. స్పీకరు గొంతు మాత్రం మొదటిదాని కంటే తక్కువ.

ఐపీ తర్వాత వచ్చే అంకెల్ని అమ్మేవాళ్లు చాలామంది కలిపి చదివేస్తారు. విడదీసి చదవాలి. మొదటి అంకె దుమ్ముకు. 6 అంటే దుమ్ము అసలు లోపలికి పోదు, 5 అంటే కొద్దిగా పోయినా పనికి అడ్డం రాదు. రెండో అంకె నీటికి. 4 అంటే ఎటు నుంచి చిందినా తట్టుకుంటుంది. 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా లోపలికి నీరు పోదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. 7 ఉన్నంత మాత్రాన గొట్టంతో జోరుగా కొట్టే నీటిని తట్టుకుంటుందని కాదు. ఆ పరీక్షకు 5, 6 అంకెలు వేరే ఉన్నాయి. మునగడం వేరు, జోరు దెబ్బ వేరు. పైగా ఈ పరీక్షలు కొత్త సెట్టు మీద మంచినీళ్లతో చేసేవి. బురదనీటితో కాదు, రెండేళ్లు వాడిన రబ్బరుతో కాదు.

అమెరికా సైన్యం 810 ప్రమాణం అని కూడా రెండు పెట్టెల మీదా అచ్చేశారు. అది ఒక్క పరీక్ష కాదు, పరీక్షల కట్ట. అందులో ఏవి చేశారో కంపెనీయే చెప్పాలి, ముద్ర వేసి ఇచ్చే సంస్థ వేరే లేదు. కింద పడేసే పరీక్షలో 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ముఖాలు, అంచులు, మూలలు తగిలేలా మొత్తం 26 సార్లు పడేస్తారు. ఆ 26 దెబ్బల్నీ ఐదు సెట్ల దాకా పంచుకోవడానికి ఆ ప్రమాణమే ఒప్పుకుంటుంది. కాబట్టి ఒక్క సెట్టే అన్నీ తిని బతికిందని అనుకోకూడదు.

మేం పసుపు సెట్టును ఇంటి వెనక సిమెంటు తొట్టిలో ముంచి, మీద ఇటుక పెట్టి, అరగంటయ్యాక తీశాం. బటన్ నొక్కితే మాట వెళ్లింది, కానీ అవతలి గొంతు దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు మూగగా వినిపించింది. స్పీకరు జాలీలో నీరు నిలిచింది. సెట్టును బోర్లించి అరచేతి మీద నాలుగు దెబ్బలు తట్టాక గొంతు తేటపడింది. ఇది వాడే ప్రతి ఒక్కరికీ చేయించి చూపించాల్సిన పని. లేకపోతే నీళ్లలో పడిన సెట్టు చెడిపోయిందనుకుని పక్కన పడేస్తారు.

తర్వాత ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత తీసి, పెద్ద భూతద్దంతో చూశాను. మోటారు బేరింగులు చూసే భూతద్దమది. మూత చుట్టూ దారమంత రబ్బరు గట్టు ఉంది. నీటిని ఆపేది అదే. రేవు ఇసుకలో ఒక పూట తిరిగిన సెట్టు అది. గట్టు మీద ఒక ఇసుక రేణువు అడ్డంగా కూర్చుని ఉంది. వేలికి తగలదు, కంటికి సరిగా ఆనదు. మూత బయటినుంచి చూస్తే చక్కగా మూసుకున్నట్టే ఉంటుంది, నీటికి మాత్రం ఆ రేణువు పక్కన వాకిలి తెరిచి ఉన్నట్టే. మెత్తటి బ్రష్షు ఒకటి ప్రతి సెట్టు సంచిలో దారంతో కట్టాలని అప్పుడే రాసుకున్నాను.

మే మొదటి వారం

సెట్లను మామ చేతికిచ్చాను. తడి చేతులతోనే పట్టుకోమన్నాను. వలలు లాగి లాగి ఆయన బొటనవేలు గట్టిపడిపోయింది. నల్ల సెట్టు మీద మాట్లాడే బటన్ ఒంటితో సమానంగా ఉంది. నొక్కాడో లేదో ఆయనకే తెలియలేదు, ప్రతిసారీ సెట్టు తిప్పి ఎర్రలైటు చూసుకోవాల్సి వచ్చింది. పసుపు సెట్టు బటన్ ఉబ్బెత్తుగా, గరుకుగా ఉంది, లోపల టక్కుమని ఆనుతుంది. చీకట్లో కూడా తడుముకునే పనిలేదు.

“నీళ్లలో పడినా బతుకుతుంది సరే, పడ్డది మనకు కనిపించాలి కదా” అన్నాడు మామ. పసుపుది తేలుతుంది. నల్లది రాయిలా మునిగిపోతుంది. ఆయన లేచి వెళ్లి పాత వల నుంచి రెండు బెండ్లు కోసుకొచ్చి, నైలాను తాడుతో నల్ల సెట్టు నడుముకు బిగించాడు. తొట్టిలో వేస్తే ఏరియల్ పైకి పెట్టుకుని తేలింది. నేను కేటలాగులన్నీ తిరగేసినా ఎక్కడా కనిపించని ఉపాయమది.

అయితే రేవులో గాలి లేచాక కథ మారింది. నీటి హోరులో పసుపు సెట్టు గొంతు అందలేదు. చెవికి ఆనించుకుంటే తప్ప మాట తెలియదు. నల్లది మీటరు దూరంలో పెట్టినా ఖంగున వినిపించింది. రెండు రోజులు దీని మీదే తర్జనభర్జన పడ్డాం. చివరికి రెండు రకాలూ కొనాలని నిర్ణయించాం. తడిసే చోట్లకు, అంటే పుట్టికీ గడ్డకూ పసుపువి. బడికీ ట్యాంకుకూ నల్లవి. రేవులో మాత్రం రెండూ ఉంటాయి, నల్లది వినడానికి, పసుపుది పుట్టిలోకి దిగేవాళ్లకు.

వేర్వేరు కంపెనీల సెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడతాయా అని అక్క అడిగింది. ఛానల్ ఒక్కటే అయితే మాట్లాడతాయి. టోన్ దగ్గర, అంటే మాటతో పాటు సెట్టు పంపే గుర్తు ధ్వని దగ్గర, మాత్రం జాగ్రత్త పడాలి. ఒక కంపెనీ టోన్ 5 అన్నది ఇంకో కంపెనీకి వేరే సంఖ్య కావచ్చు, కాబట్టి సంఖ్యను కాదు, హెర్ట్జ్ విలువను కలపాలి. టోన్ పెడితే మన మాట రహస్యంగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. ఉండదు. టోన్ లేని సెట్టుతో ఎవరైనా వినగలరు. టోన్ చేసేదల్లా ఇతరుల మాటలు మనకు వినిపించకుండా ఆపడమే. ఆపద రోజున మనకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. తెలియని సెట్టు నుంచి ఎవరు కేకేసినా మనకు వినపడాలి. అందుకే మా సెట్లన్నిటిలో టోన్ తీసేశాం.

ఇంకో రెండు సదుపాయాలు లేకపోతే ఏ సెట్టూ వద్దని కూడా తేల్చుకున్నాం. ఒకటి తాళం గుర్తు. జేబులో ఒత్తుకుని ఛానల్ మారిపోకుండా అది కాపాడుతుంది. రెండోది గడువు కోత. ఎవరైనా తెలియక సెట్టు మీద కూర్చుంటే బటన్ నొక్కుకుపోయి ఛానల్ మొత్తం మూసుకుపోతుంది. మిగతావాళ్లు ఎంత అరిచినా ఎవరికీ వినపడదు. గడువు కోత ఉంటే కాసేపటికి సెట్టు తనంతట తానే ఆగిపోతుంది.

రోహిణి కార్తె

రోళ్లు పగిలే ఎండలు. బ్యాటరీలను పరీక్షించడానికి ఇదే సరైన కాలం. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. రేకుల గదిలో మధ్యాహ్నం పూట పెడితే ఆ హద్దు సులువుగా దాటుతుంది. కాబట్టి ఛార్జింగ్ రాత్రిపూటే, బడి వరండాలో. వాడని రోజుల్లో పూర్తిగా నింపి ఉంచినా, పూర్తిగా దించి ఉంచినా లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. సగానికి కాస్త అటూఇటూగా ఉంచి, వాన సూచన రాగానే నింపుకోవాలి.

పెన్ను సెల్లుల గురించి నాకు మొదటినుంచీ పక్షపాతం ఉంది. కిరాణా దుకాణంలో దొరుకుతాయి, కరెంటు లేకపోయినా మార్చుకోవచ్చు. అయితే గోడ గడియారంలో వేసే మామూలు సెల్లులు సెట్టుకు చాలవు. బటన్ నొక్కగానే గుంజే కరెంటుకు వాటి వోల్టేజీ జారిపోతుంది. ఆల్కలైన్ కావాలి. మూడు ఆల్కలైన్ సెల్లులు కలిపితే 4.5 వోల్టులు, అదే ఛార్జి చేసుకునే నికెల్ సెల్లులైతే 3.6. పసుపు సెట్టు రెండింటితోనూ పనిచేసింది. వానాకాలం ముగియగానే సెల్లులు బయటికి తీయాలి. లోపలే వదిలేస్తే అవి కారి, స్ప్రింగులు పచ్చగా తుప్పు పడతాయి.

నల్ల సెట్ల కోసం ట్రాక్టరు 12 వోల్టుల బ్యాటరీకి కారు ఛార్జరు సాకెట్టు బిగించాను, దారిలో ఒక ఫ్యూజు వేసి. అరగంట పని. ఊళ్లో ట్రాక్టర్లకు కొదవ లేదు కాబట్టి కరెంటు లేని రోజుల్లో ఛార్జింగ్ దిగులు పోయింది.

జూన్, మృగశిర తర్వాత

దూరం పరీక్ష. తమ్ముడు గడ్డ మీద, మామ పుట్టిలో, అక్క బడిలో, నేను రేవులో.

గడ్డకూ రేవుకూ మధ్య నీటి మీదుగా మాట స్పష్టంగా వచ్చింది. పుట్టి నుంచి కూడా బాగానే వచ్చింది, మామ సెట్టును మొలకు తగిలించుకుని తెడ్డు వేస్తున్నప్పుడు తప్ప. నడుము దగ్గర ఉంటే ఒళ్లే అడ్డం, పైగా ఎత్తూ తగ్గిపోతుంది. ముఖం ముందు నిటారుగా పట్టుకోగానే గరగర తగ్గి మాట తేలింది. రేవు నుంచి బడికి, కిలోమీటరు కూడా లేని ఆ ముక్కలో, మాట విరిగిపోయింది. మధ్యలో రెండంతస్తుల ఇళ్లు, కోమటి వీధి వేపచెట్లు, ఒక చోట రేకుల గోదాము. గడ్డ కింది కొస నుంచి బడికి అసలేమీ అందలేదు.

అప్పుడు అక్క నల్ల సెట్టు తీసుకుని కొత్తగా వెల్డింగ్ చేసిన మెట్ల మీదుగా ట్యాంకు ఎక్కింది. మొదటి పిలుపుకే గడ్డ కింది కొస నుంచి తమ్ముడు జవాబిచ్చాడు. మూడు కిలోమీటర్లు, అర వాటు. బడి కింది గదిలో ఉన్న సెట్టుకూ ట్యాంకు మాట సూటిగా దిగింది. మా సందేహాలన్నీ ఆ ఒక్క పిలుపుతో తీరిపోయాయి. ట్యాంకు మీది మనిషి విన్నది విన్నట్టు తిరిగి చెబితే చాలు, గడ్డ మీది మాట బడికి చేరుతుంది. బడి దగ్గర ఎక్కడో ఒకచోట ఫోను అందితే 108కో, 112కో, జిల్లా కంట్రోలు రూమ్ 1077కో అక్కడి నుంచి చెప్పవచ్చు. సెట్టు గద్వాల దాకా వినిపించనక్కర్లేదు, ఫోను పనిచేసే మనిషి దాకా వినిపిస్తే చాలు.

ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మాత్రం ట్యాంకు ఎక్కకూడదు. అప్పుడు బడి మేడ గదిలో కిటికీ దగ్గర ఒకరు, కోమటి వీధి మలుపులో కప్పు కింద ఒకరు నిలబడి మాట అందించాలి. దీన్ని కూడా చేసి చూశాం. ఆలస్యమవుతుంది, కానీ మాట చేరుతుంది.

జూన్ చివర

మాట్లాడే పద్ధతి నేర్పుతున్నాం. బటన్ నొక్కి ఒక క్షణం ఆగాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. ముందు పిలిచేవారి పేరు కాదు, వినేవారి చోటు: “ట్యాంకూ ట్యాంకూ, గడ్డ మాట్లాడుతున్నాను.” తర్వాత ఎక్కడ, ఏమైంది, ఎంతమంది, ఏం కావాలి. ఆఖరున “ఓవర్”. విన్నవాళ్లు అంకెలను తిరిగి చెప్పాలి. గడ్డ మీది ఒక పెద్దమ్మ అందరికంటే బాగా నేర్చుకుంది. ఆమె అడగకుండానే ప్రతి మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటుంది, అవతల రాసుకునేవాళ్లకు అదెంత మేలో చెప్పలేను.

బ్యాటరీ మిగలాలంటే సెట్లు రోజంతా తెరిచి ఉంచకూడదు. వరద రోజుల్లో ప్రతి గంటా మొదటి ఐదు నిమిషాలు అందరూ వినాలి. ట్యాంకు, రేవు సెట్లు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటాయి.

పోలీస్ స్టేషనుకు వెళ్లి సెట్ల మోడళ్లు, ఈటీఏ కాగితాల నకళ్లు, ఎవరి దగ్గర ఏది ఉంటుందో రాసి ఇచ్చాం. ఎవరూ అడగలేదు, కానీ వరద రోజున ఒడ్డున వాకీటాకీతో కనబడిన కుర్రాడిని ఎవరైనా ఆపితే వెంటనే జవాబుండాలి.

జూలై మొదటి వారం

సెట్లన్నీ వచ్చాయి. బడిలో ఇనుప బీరువాలో ఒక అర ఖాళీ చేయించి, సెట్టు పక్కన సెల్లులు, బ్రష్షు, తాడు, పద్ధతి రాసిన లామినేషన్ కార్డు పెట్టాం. తాళంచెవులు రెండు, ఒకటి అక్క దగ్గర, ఒకటి పంచాయతీ కార్యదర్శి దగ్గర. ప్రతి ఆదివారం సాయంత్రం ఏడింటికి గడ్డ, రేవు, బడి ఒకసారి పిలుచుకోవాలి.

ఇంకా మిగిలిన పనులున్నాయి. నల్ల సెట్టు బటన్ మీద అంటించిన రబ్బరు ముక్క ఎండకు నిలుస్తుందో లేదో చూడాలి. గడ్డ మీది గుడిసెల్లో పసుపు సెట్టును చూరుకు వేలాడదీసే కొక్కెం బిగించాలి, నేల మీద పెడితే మాట అందడం లేదు. జూరాల నుంచి నీళ్లు వదిలాక, ఆ హోరులో రేవు నుంచి గడ్డకు మాట ఎలా వినిపిస్తుందో మరోసారి పరీక్షించాలి. పైనుంచి ప్రవాహం మొదలైందని ప్రాజెక్టు వాళ్ల కబురు రాగానే ఆ పని పెట్టుకుంటాం.